మంజుల ట్రేలో కాలర్లు

గుడిబండ పక్క పల్లెలో పుట్టిన మంజులకు కుట్టు మిషన్ కంటే ముందు కలుపు తీయడం వచ్చు. పెళ్లయినంక భర్త తిరుపాల్ నడుము పట్టుకుపోయి మంచాన పడితే, కంపెనీ బస్సెక్కి హిందూపురం దగ్గర గార్మెంట్స్‌లో చేరింది. చొక్కాలకు కాలర్లు కుట్టడం ఆమె పని. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పనితోనే.

ఈ వానలకు విషజ్వరం వచ్చి తగ్గింది గానీ కుడి మణికట్టు వాపు వదల్లేదు. గుడ్డ తిప్పితే చాలు, ప్రాణం పోయినట్టుండేది. పక్క మిషన్ పాపమ్మ అది చూసింది. తాను కుట్టిన కాలర్లు కొన్ని తీసి మంజుల ట్రేలో పెట్టింది. కాసేపటికి ఎదురు మిషన్ వాణి కూడా అదే చేసింది. అందరూ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. చేన్లో ఒకరి సాలు వెనకబడితే తక్కినవాళ్లు అటు వంగి తీసేస్తారు. ఈ పొద్దు నీకు, రేపు నాకు. దాన్నే ముయ్యి అంటారు. రోజుకు ఎన్ని కుట్టారో ఎవరి లెక్క వాళ్లదేనని కంపెనీ రూలున్నా, చేన్లో చేసేది ఇక్కడ తప్పవుతుందని వాళ్లకు తోచలేదు.

సాయంత్రానికి మంజుల లెక్క అందరితో సమానంగా తేలేది. మేనేజర్ జగదీష్ చూసేది ఆ లెక్కనే. మనిషి చెడ్డవాడు కాదు. వానకు బస్సు ఆలస్యమైతే గేటు వేయనిచ్చేవాడు కాదు. పెనుకొండలో కొత్త షెడ్డు తెరుస్తూ, జ్వరం నుంచి లేచి కూడా పని తగ్గని మనిషని మంజులను ఏరుకున్నాడు. ఆమె ఎంత కుడితే అక్కడ అందరికీ అంత టార్గెట్. అదంతా చెప్పి, చేయగలవు కదమ్మా అని అడిగాడు.

"అట్లే సార్" అంది మంజుల. పెద్దవాళ్ల ఎదుట అలవాటుగా వచ్చే మాట. పైగా నిజం చెబితే పాపమ్మ, వాణి దొరికిపోతారు.

బస్సులో వాణి, "మేనేజరమ్మ వస్తాంది, సీటియ్యండే" అని ఎగతాళి చేసింది. పాపమ్మ నవ్వలేదు. "మేం చేసిన మంచే నీ మెడకు చుట్టుకొనె కదమ్మే" అని, ఆ వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ప్రభువును తలచుకుంది.

పెనుకొండ షెడ్డులో ఆమెకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. పొద్దెక్కేకొద్దీ కుట్టని కాలర్లు కుప్పపడ్డాయి. వెనక చొక్కాలకు చేతులు అతికేవాళ్లు పని లేక కూర్చున్నారు. ఒకరినొకరు చూసుకుంటున్నారు. మంజుల పళ్లు బిగబట్టి కుట్టింది. కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టింది.

జగదీష్ వచ్చి కుప్ప పక్కన నిలబడ్డాడు. ఆమె లెక్కను బట్టే పైవాళ్లకు మాటిచ్చానని, ఇప్పుడు తన ఉద్యోగానికే ముప్పొచ్చేటట్టుందని గొంతు తగ్గించి అన్నాడు. ఆ తగ్గించడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

మిషన్ ఆపి, చెయ్యి బల్ల మీద పెట్టి చూపింది. "ఆ లెక్క నా ఒక్కదానిది కాదు సార్."

"అంటే దొంగలెక్క చూపినారా?"

"దొంగతనం కాదు సార్, ముయ్యి." చేన్లో సాలు సంగతి తడబడుతూ చెప్పింది.

ఎవరెవరు చేశారని అడిగాడు. షెడ్డంతా చెవులు రిక్కించింది.

"నన్ను తీసేయండి సార్. పేర్లు మాత్రం అడగొద్దండి."

"ముందే చెప్పొచ్చు కదమ్మా."

"చేయగలవా అని అడిగినారు సార్. చెయ్యి ఎట్లుండాదని అడిగింటే చెప్పిందును."

అతను ఆమెను బయట కూర్చోమన్నాడు. మంజుల పంచన కూర్చుని, తిరుపాల్‌కు ఏం చెప్పాలా అనుకుంటూ లేపాక్షి వీరభద్రుడికి మొక్కింది. ఎంతసేపో తెలియదు. జగదీష్ తలుపు దగ్గరికొచ్చి, రేపటి నుంచి హిందూపురంలోనే దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోమన్నాడు. జీతం తగ్గుతుంది. ఇక్కడి టార్గెట్ తాను మళ్లీ చూసుకుంటానన్నాడు. పేర్ల మాట ఎత్తలేదు.

మర్నాడు ఎడమ చేత్తో కత్తెర పట్టి మొదటి చొక్కా కాలర్ తిప్పి చూసింది. కత్తిరించడానికి దారం కొస లేదు. రెండోదీ అంతే. తలెత్తి చూస్తే, అవతల పాపమ్మ కుట్టిన ప్రతి దానికీ కొస తెంపి మరీ ముందుకు తోస్తోంది. వాణి కూడా.

మంజుల కళ్లు తుడుచుకుంది. అటుగా పోతున్న జగదీష్‌ను చూసి ఈసారి తానే లేచింది.

"సార్, ఒక తూరి ఈడికి రండి. ఈ కొసలు తెంపింది నేను కాదు, నా లెక్కలో రాయొద్దండి."