ముదీర్‌కు ఆయన ఊరి చరిత్ర చెప్పిన రోజు

ఆ రోజుల్లో, అంటే రెండువేల దశకం మొదట్లో, ఇంగ్లీషు ‘బి’ అక్షరంతో మొదలయ్యే విషయం ఏదడిగినా తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ధహ్రాన్ అనే అరబ్బు పట్నంలో మేం పనిచేసే కంపెనీ ఇళ్ల కాంపౌండ్ లైబ్రరీవాళ్లు పాత పుస్తకాలు బయట పడేసినప్పుడు నాకు దొరికింది విజ్ఞాన సర్వస్వంలో ఆ ఒక్క సంపుటమే మరి. పదో తరగతితో చదువాపిన నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఏడాదిన్నరలో దాన్ని అట్టనుంచి అట్టదాకా చదివేశాను. బాక్టీరియా, బెలూన్లు, బోస్నియా అన్నీ కంఠతా వచ్చాయి. (‘సి’ సంపుటం దొరకలేదు కాబట్టి చైనా గురించి మాత్రం ఈనాటికీ నాకు పెద్దగా తెలియదు.)

నా పని ఏసీలు బాగుచేయడం. ఇళ్లల్లో అందరూ చల్లగా ఉండేవారు, నేను జూన్ ఎండలో వాళ్ల కప్పులమీద వేగేవాణ్ణి. ఆ వేసవిలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాను. సరిగ్గా అప్పుడే టూల్‌రూమ్‌లో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. నీడ, కుర్చీ, ఏసీ! మనిషిని ఎంచేది కొత్తగా వచ్చిన ముదీర్, అంటే మా మేనేజరు. బోస్నియా మనిషి. ఆయనది నది ఒడ్డున చిన్న ఊరు, దాని పేరూ ‘బి’తోనే మొదలవుతుందని తెలియగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా పుస్తకంలో ఆ ఊరికి పదకొండు పంక్తులున్నాయి.

“ఆయన ఊరి చరిత్ర చెప్తే ఖుష్ అయితడు, కుర్చీ నాదే,” అన్నాను రూములో. నిర్మల్ దిక్కునుంచి వచ్చిన మా ఫోర్‌మన్, అందరం పెద్దన్న అని పిలిచేవాళ్లం, చపాతీ పిండి పిసుకుతూ తలెత్తాడు. “ఆయన ఊరు ఆయనకు ఎర్క లేదారా? నువ్వు వొయ్యి చెప్పాల్నా? సప్పుడు జెయ్యక సలాం గొట్టి రా.” చదవనివాళ్ల మాట నేను వింటానా?

ముదీర్ ముందు నిలబడి, నాకొచ్చిన ఇంగ్లీషులో, అడక్కుండానే అందుకున్నాను. నది, వంతెన, తురుష్కుల కోట, ఆస్ట్రియావాళ్ల రైలుమార్గం, ఆల్‌బుఖారా తోటలు. ఆయన ముఖం వెలిగిపోయింది. “మా వంతెన నీకెలా తెలుసు?” అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. “ఇప్పుడది సరిహద్దు. దాటితే వేరే దేశం,” అని ఆయన అనేసరికి, పాపం పొరబడ్డాడే అనుకున్నాను.

“కాదు సార్. మీ ఊరికి సరిహద్దు చాలా దూరం. పటం కూడా ఉంది.”

“నేను అక్కడే పుట్టాను.”

“పుస్తకంలో ఉంది సార్,” అన్నాను.

ఆయన ఓపిగ్గా, మాకు పనులు రాసిచ్చే జాబ్ కార్డు ఒకటి వెనక్కి తిప్పి నది గీశాడు, వంతెన గీశాడు, ఇటొక ఇల్లు, అటొక ఇల్లు. “ఇది మాది. అది మా అక్కది. నీ పుస్తకం అచ్చయినప్పుడు రెండూ ఒకే దేశం. ఇప్పుడు కాఫీకి రావాలన్నా మా అక్క పాస్‌పోర్టు చూపించాలి.” నా పుస్తకం నాకంటే వయసులో పెద్దదని అప్పటిదాకా తట్టనేలేదు. “ఖలాస్, వెళ్లు,” అన్నాడు.

“కుర్చీ పాయె పెద్దన్నా,” అన్నాను సాయంత్రం. “నేను జెప్పలే?” అన్నాడు గాని, ఆ పూట రెండు చపాతీలు ఎక్కువే వేశాడు.

మర్నాడు గోడమీద అంటించిన కాగితంలో టూల్‌రూమ్‌కు ఎదురుగా నా పేరుంది! పెద్దన్న ఆగలేక వెళ్లి కారణం అడిగాడట. “ఊళ్లో పుట్టినవాడు ఎదురుగా ఉన్నా పుస్తకాన్నే నమ్మే మనిషి. రిజిస్టర్‌లో సంతకం లేందే ఎవరికీ స్పానర్ ఇవ్వడు,” అన్నాడట ముదీర్. నిజంగానే ఇవ్వలేదు. ఒకసారి ఆయనకే ఇవ్వలేదు.

మొన్నీమధ్య పాస్‌పోర్టు రెన్యువల్‌కి వెళితే కౌంటర్లో అమ్మాయి నా కాగితాలు తిరగేసింది. “పుట్టింది ఆంధ్రప్రదేశ్, కరీంనగర్ జిల్లా. ఉండేది తెలంగాణ, జగిత్యాల జిల్లా. ఇల్లు ఎప్పుడు మారిండ్రు సార్?”

“మారలేదమ్మా. పుట్టిన ఇంట్లోనే ఉంటున్న.”

“రెండూ వేరేవేరే ఉన్నయి గద సార్. సిస్టంల అట్లనే ఉంది.”

ఆ అమ్మాయి స్క్రీన్‌వైపు చూసిన చూపు నాకు బాగా తెలిసిందే. కోపం తెచ్చుకుందామనుకున్నాను గాని, నవ్వొచ్చింది. జేబులో ఒక జాబ్ కార్డు ఉంటే, వెనక్కి తిప్పి మా ఇల్లు గీసి చూపించేవాణ్ణి.