ఊడదీసిన తలుపు

సుచిత్ర చౌరస్తాలో మేడ్చల్ బస్సు ఎక్కానో లేదో, ఉప్పాడ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. తుఫాను ఇంకా తీరం దాటనే లేదు, అప్పుడే కెరటాలు మా ఇంటి గోడను కొడుతున్నాయట.

"అమ్మ కదలనంటోంది అన్నయ్యా. గుమ్మంలో కూర్చుంది."

"ఎత్తుకుని తీసుకుపోరా!" బస్సంతా వినేలా అరిచాను.

"దగ్గరికెళ్తే కొడుతోంది."

పక్క సీట్లో బురఖా వేసుకున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. "మాది శామీర్‌పేట చెరువు ఒడ్డు బేటా. ఇంట్లకు నీళ్లొచ్చినా మా అత్త గిట్లనే లేవలే. గప్పుడు మా ఆయన తలుపు ఊడవీకిండు. తలుపు లేని ఇంట్ల ఎవలుంటరు? ఇగ లేసింది. జల్దీ జెప్పు."

నాకు ఒళ్లు మండింది. ప్రాణం మీదికొస్తే తలుపు గొడవేమిటి? అయినా ఇంకేం తోచక తమ్ముడికి అదే చెప్పాను. ఫోన్ కట్టయింది.

కొంపల్లి దాటాక కండక్టర్ ఆవిడని అడిగాడు. "నీ టికెట్ కొంపల్లి దాకనే గదమ్మా, దిగలేదేంది?"

"గీ పిలగాని ఫోన్ రానీ," అంది ఆవిడ, నా చెయ్యి వదలకుండా.

మేడ్చల్ చేరుతుండగా మోగింది. "తలుపు ఆటో మీద కట్టాను అన్నయ్యా. గీతలు పడతాయని తిడుతూ అమ్మ వెనకే వచ్చి ఎక్కేసింది."

తర్వాత తీరానికి దూరంగా కట్టుకున్న ఇంటికి ఆ తలుపే పెట్టాం. వడ్రంగి బందులు బిగిస్తుంటే అమ్మ పక్కనే నిలబడింది.

"స్క్రూలు మరీ బిగించకు నాయనా," అంది.