తాళం చూసొచ్చిన పరామర్శ

ఆ రోజుల్లో నాకు దేవుడి కంటే, చర్చిలో అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పడమంటేనే ఎక్కువ భయం. ఢిల్లీలో ఉద్యోగం దొరికి, సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో అక్కా బావల దగ్గర చేరిన కొత్త. ఆఫీసులో టైపు మిషను వెనక, చర్చిలో లావుపాటి స్తంభం వెనక కూర్చుని రోజులు నెట్టుకొచ్చేదాన్ని. ఒక ఆదివారం అయ్యగారు (మా పాస్టరుగారు) "మీరు విశ్వాసాన్ని ఇక్కడే వదిలేసి, చెప్పులు మాత్రం జ్ఞాపకంగా తొడుక్కుని పోతున్నారు" అని కోప్పడి, అందరినీ జంటలు చేశారు. శనివారం ఒకరినొకరు పరామర్శించి, ప్రార్థన చేసుకుని, మర్నాడు ఆ సంగతి అందరి ముందూ చెప్పాలి. నాకు జంటగా పడింది నోయిడా నుంచి వచ్చే పెద్దావిడ, అందరికీ నోయిడా ఆంటీ. ఆవిడ పాట ఎత్తుకుంటే తబలా ఆగి వినేది. "శనివారం కలుద్దామమ్మాయ్!" అన్నారు. "అలాగేనండీ" అన్నాను. ఎవరింట్లో అని ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. (చిన్నదాన్ని నేనే వెళ్ళాలి కదా, అడగడమెందుకు?)

తీరా బస్సులో వేలాడుతూ నోయిడా చేరితే ఆంటీ తలుపుకి తాళం. పక్కింటి పంజాబీ ఆవిడ "అరే బేటీ, ధూప్ మేఁ క్యోఁ ఖడీ హో?" అని, ఎండలో నిలబడ్డందుకు కోప్పడుతూ లోపలికి లాక్కెళ్ళి, టీ ఇచ్చి, మోకాళ్ళ నొప్పి కథంతా చెప్పింది. చర్చి నుంచి వచ్చానని తెలిసి "మేరే ఘుట్నోఁ కే లియే భీ బోల్ దేనా" అంది, తన మోకాళ్ళ కోసం కూడా దేవుడికి ఓ మాట చెప్పమని. కళ్ళు మూసుకోవడానికి సిగ్గేసి, తెరిచే ఉంచి, మనసులోనే ప్రార్థించాను. ఆంటీ కోసం సిద్ధం చేసుకున్న ప్రార్థన అది. మోకాళ్ళకి చెల్లుతుందా? దారంతా అదే అయోమయం.

ఇంటికొచ్చేసరికి అక్క నవ్వాపుకోలేకపోతోంది. "మేం మార్కెట్టుకెళ్ళినప్పుడు మీ ఆంటీ వచ్చారటే! కింది వాళ్ళింట్లో రాజ్మా చావల్ తిని, వాళ్ళ కోడలి కాన్పు కోసం ప్రార్థన చేసి, పాట కూడా పాడి వెళ్ళారట!"

ఆదివారం నా పేరు పిలిచారు. స్తంభం వదిలి రాలేక దాన్నే పట్టుకుని లేచాను. "వెళ్ళానండీ... తాళం ఉంది. పక్కావిడ మోకాళ్ళకి ప్రార్థన చేశాను. అది లెక్కలోకొస్తుందా అండీ?"

వెనక నుంచి నోయిడా ఆంటీ లేచారు. "నేనూ తాళమే చూశానయ్యగారూ! వీళ్ళింటిదే!"

హాలంతా నవ్వు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "ఈసారి... ఎవరైనా ఒకరు ఇంట్లో ఉండండమ్మా" అన్నారు.

మోకాళ్ళ ప్రార్థన లెక్కలోకొస్తుందో లేదో, పాపం, ఆయనకీ తెలిసినట్టు లేదు. ఇప్పటికీ ఎవరింటికైనా వెళ్తే, తాళం కనబడితే, ఆ పిరికిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. వెంటనే మెట్లు దిగలేను. పక్క తలుపు వైపు చూస్తూ కాసేపు నిలబడతాను.