బూడిదలో గాజు చిలుక

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నా చేతిలోని గాజు చిలుక మంట మీద ఉంది. కామారెడ్డి ఆసుపత్రి నుంచి మామ ఫోన్. "బిడ్డా, మీ అత్త ఇగ లేదు" అన్నాడు. నేను మంట ఆపలేదు. ఎర్రగా కాలిన గాజును అట్లాగే వదిలేస్తే చల్లగాలికి చిట్లుతుంది. ముక్కు వంచి, చిలుకను వేడి బూడిద డబ్బాలో కప్పెట్టి, అప్పుడు ఏడ్చాను. అత్త ఉన్నా అదే చేయమనేది.

ఎల్లారెడ్డిలో వాళ్లింటి వెనక రేకుల గదే ఆమె కార్ఖానా. నేనూ అక్కడే పని చేస్తాను. గాజు కడ్డీలను మంటకు కరిగించి చిలుకలు, నెమళ్లు, పూలు చేసేది. కామారెడ్డిలో ఒక గిఫ్టుల దుకాణం వాటిని అమ్మేది. ఎండాకాలంలో కూడా ఆ గదిలో ఫ్యాన్ తిరగదు. మధ్యలో ఎవరైనా తలుపు తీస్తే "తలుపూ!" అని ఒకటే కేక.

"గాలి తాకితె గాజుకు భయం పట్టుకుంటది బిడ్డా. గప్పుడే ఏం గాదు. లోపట్నే దాసుకుంటది, ఎన్నడో ఒకనాడు బయటపడ్తది" అనేది.

ఆమె ముందు 'పగిలింది' అనకూడదు. తాళి తెగితే మీ ఇళ్లలో కూడా 'పెరిగింది' అనే అంటారు కదా. అత్త దగ్గర గాజు కూడా పెరగాల్సిందే. ఈ మాటతో నేనొకసారి చచ్చి బతికాను. ఒక పెళ్లి కోసం చేసిన చిలుకల పెట్టెను బస్సులో కామారెడ్డికి పంపి, దారిలో గుంతలను తలచుకుంటూ కూర్చున్నాం. దుకాణం సేటు ఫోన్ చేశాడు.

"చెల్లే, ఆర్డర్ పెరిగిందని అక్కకు చెప్పు."

చిలుకలు పోయాయనుకున్నాను. అత్త ఫోన్ లాక్కుంది.

"ఎన్ని పెరిగినయ్ తమ్మీ?"

"ఇరువై అక్కా."

"అయ్యో, ఇరువయ్యా!"

"అయ్యో ఏంది? పెండ్లోళ్లకు మస్తు నచ్చినయ్. ఇంకో ఇరువై చేసియ్యుండ్రి."

అత్త కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వుతూ నాకు మంచినీళ్లందించింది. ఆ గ్లాసు పట్టుకున్న చెయ్యి నా చేతికంటే ఎక్కువ వణుకుతోంది.

మంట అంటించే ముందు కూడా ఆ చెయ్యి అట్లాగే వణికేది. చెమట లేకపోయినా కొంగుకు తుడుచుకునేది. గ్యాసు గొట్టానికి సబ్బునీళ్లు పూసి, బుడగలు వస్తాయేమోనని కళ్లు చిట్లించి చూసేది.

"ఇన్నేండ్లయినా భయమేనా అత్తా?" అని ఆట పట్టించేదాన్ని.

"భయం పోయిన్నాడు గీ మంట కాడ కూసోను. నువ్వు గూడ కూసోకు."

పని మొత్తం ఓపికగా నేర్పింది. నా చేతికి బతుకుతెరువు ఇచ్చింది ఆమే. బూడిదలోంచి తీయడం మాత్రం ఎవరికీ వదల్లేదు. తీసి, ఊది, చెవి దగ్గర పెట్టుకునేది. భయం దాచుకున్న గాజు గది గాలి తగలగానే టిక్కుమంటుందట. అప్పుడు మేం మాట్లాడకూడదు. చప్పుడేమీ లేకపోతే "ఇగ పో, పెండ్లికి పో" అని చిలుకకే చెప్పేది.

దినాలయ్యాక సేటు ఫోన్ చేశాడు. పాపం, అడగలేక అడిగాడు. "చెల్లే, పని నడిపిస్తవా, బందు పెడ్తవా?" రేపు చెబుతానన్నాను. మామ కూడా "గ్యాసుతోని పని బిడ్డా. నీకు భయమైతె తాళమేద్దాం" అన్నాడు.

భయమే. గ్యాసంటే భయం, బస్సు గుంతలంటే భయం, అన్నిటికంటే ఆ బూడిద డబ్బా అంటే భయం. ఆ రోజు పెట్టిన చిలుక ఇంకా అందులోనే ఉంది. అది పెరిగి ఉంటే, ఫోన్ పట్టుకున్నప్పటి నా వణుకంతా దానికి పట్టినట్టే. ఇక ఈ పని నా వల్ల కాదనుకున్నాను.

ఈ పొద్దున గదిలోకి వెళ్లి తలుపు వేశాను. చేతులు చున్నీకి తుడుచుకున్నాను. చల్లారిన బూడిదలో వేళ్లు పెట్టి వెతికితే ముందు తోక తగిలింది, తర్వాత ముక్కు. మెల్లగా పైకి తీసి, ఊది, చెవి దగ్గర పెట్టుకున్నాను. నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

అంతలో మామ బయటి నుంచి తలుపు నెట్టబోయాడు.

"తలుపూ!"

ఆ కేక నాదేనని నాకే ఒక క్షణం తెలియలేదు. బయట మామ అడుగులు అక్కడే ఆగిపోయాయి. చిలుకను చెవి దగ్గరే పట్టుకుని, ఊపిరి బిగబట్టి, వింటూ నిలబడ్డాను.