కార్డు ఒక దారిన, నేను ఒక దారిన

మద్రాసులో నేను ఉన్న హాస్టలు సెంట్రల్ స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక సందు చివర ఉండేది. ఉద్యోగాల కోసం వచ్చే తెలుగు కుర్రవాళ్ళ కోసం ఎవరో పెద్దమనిషి కట్టించిన మేడ. పైన ఒకటే పొడవాటి హాలు, అందులో రెండు వరసల్లో పద్నాలుగు ఇనుప మంచాలు. ప్రతి మంచానికీ గోడ మీద తారుతో అంకె వేసి ఉండేది. నాది తొమ్మిది. దోమతెరలు ఇచ్చేవారు కానీ చిరుగు లేనిది ఒక్కటి లేదు. కింద మేనేజరుగారి బల్ల పక్కన గోడకి ఒక చెక్కపలక, దానికి అడ్డంగా తాళ్ళు. వచ్చిన ఉత్తరాలు ఆ తాళ్ళలో దోపేవారు. ఆ పలక ముందు నేను నిలబడినంతసేపు ఇంకెవరూ నిలబడి ఉండరు.

అవి యాభైల చివరి రోజులు. ఒక పెద్ద ఆఫీసులో గుమస్తా ఉద్యోగాలకి రాతపరీక్ష రాయడానికి వెళ్ళాను. ఆ ఏడు గడిస్తే నాకు వయసు దాటిపోతుంది, మళ్ళీ రాయనివ్వరు. మాది దివిసీమ చివర, నాగాయలంకలో పడవ ఎక్కి వెళ్ళాల్సిన చిన్న లంక. నాన్న చేపలు పట్టేవాడు. మా ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ ఉద్యోగం రాకపోతే వెళ్ళి నాన్న పడవలో కూర్చోవాలి. పడవ పని అంటే నాకు చులకన లేదు. కానీ నీళ్ళ మీద నాకు కుదురు ఉండేది కాదు. ఆటుకి కయ్యలో, అంటే మా ఏటి పాయలో, నీళ్ళు తీసి పడవ బురదలో కూర్చుంటే, నాన్న పోటు వచ్చేదాకా వల బాగుచేసుకుంటూ ఉండేవాడు. నేను ఆగలేక దిగి, మోకాలి లోతు బురదలో ఇరుక్కుని, ఏడ్చేవాణ్ణి. "కూర్చోరా, నీళ్ళొస్తాయి," అనేవాడు. అంతే, అంతకు మించి తిట్టేవాడు కాదు.

పరీక్ష రాసిన రోజు హాల్లో మాకు ఒక కాగితం పంచారు. దరఖాస్తు పెట్టాక చిరునామా మారినవాళ్ళు కొత్త చిరునామా రాసి ఇవ్వాలని దాని మీద ఉంది. నేను రెండుసార్లు చదివాను. నా చిరునామా మారలేదు. మా ఇల్లు ఎక్కడికీ కదలలేదు కదా. ఉన్నదాన్ని మార్చి రాస్తే, దరఖాస్తులో ఒకటి, ఇక్కడ ఒకటి అయి ఏ పేచీ వస్తుందోనని కూడా అనిపించింది. ఖాళీ కాగితం జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చేశాను. అంత పద్ధతిగా పొరపాటు చేసినవాడు ఆ హాల్లో ఇంకొకడు ఉండడు.

పాసైనవాళ్ళ నంబర్లు ఆఫీసు గేటుకి అంటించారు. నాది ఉంది. గేటు దగ్గర గుమస్తా చెప్పాడు, ఇంటర్వ్యూ కార్డులు పోస్టులో వస్తాయనీ, బ్యాచీల వారీగా పిలుస్తారు కాబట్టి ఎవరి తేదీ వాళ్ళ కార్డు మీదే ఉంటుందనీ.

"నా కార్డు మా ఊరికి వెళ్తుందండీ. నేను ఇక్కడే ఉన్నాను. తేదీ ఒక్కటి చూసి చెప్తారా?"

"సోమవారమే పంపేశామండీ. వందల మంది. ఎవరి రోజు ఎప్పుడో నేనెలా చెప్పేది?"

"కార్డు లేకుండా వస్తే?"

"గేటు దాటనివ్వరు."

ఆ ఆఫీసుకీ హాస్టలుకీ మైలు దూరం లేదు. ఆ మైలు దాటడానికి నా కార్డు మా లంక దాకా వెళ్ళి రావాలి. మెయిల్లో బెజవాడ, అక్కడ బందరు బండి, గుడివాడ మీదుగా బందరు, అక్కణ్ణించి బస్సులో అవనిగడ్డ, తర్వాత నాగాయలంక, ఆ పైన పడవ. మా లంకకి టపా వారానికి రెండుసార్లే. కార్డు రాగానే హాస్టలుకి పంపమని ఆ రోజే ఇంటికి ఉత్తరం రాసి పడేశాను. పడేశాక గుర్తొచ్చింది, నా ఉత్తరం కూడా అదే పడవలో వెళ్ళాలని.

తర్వాతి రోజుల డైరీ ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. పొద్దున పోస్టు: లేదు. మధ్యాహ్నం పోస్టు: లేదు. కార్డు ఈపాటికి గుడివాడలో. కార్డు ఈపాటికి బందరులో. పొద్దున పోస్టు: లేదు. మధ్యలో నడిచిన వీధుల పేర్లు. ఎందుకు నడిచానో రాయలేదు. హాల్లో ఉంటే మంచాల మధ్య నడిచేవాణ్ణి, బయటికెళ్తే పోస్టు వచ్చిందేమోనని సగం దారి నుంచి తిరిగొచ్చేవాణ్ణి. ఒకరోజు సముద్రం దాకా వెళ్ళాను. మా బందరు పక్క మంగినపూడి దగ్గర చూసిన సముద్రమే ఇది, కాస్త చూద్దాం అనుకున్నాను. ఇసకలో కూర్చోకుండానే వెనక్కి వచ్చాను.

మేనేజరుగారు బల్ల దగ్గర నుంచి కేకేసేవారు. "ఏమండీ తొమ్మిదో నంబరు! ఇది హాస్టలా, రైలు ప్లాట్‌ఫారమా? ఆ నడకకి కింద నా నెత్తి మీద సున్నం రాలుతోంది!"

పదో నంబరు మంచం మీద గుడివాడ ఆయన ఒకడుండేవాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని. నాకంటే అయిదారేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు కానీ మొదటి రోజు నుంచీ నన్ను బావా అనేవాడు.

"బావా, నువ్వు ఆ పోస్టుమాన్‌ని పెళ్ళి చేసుకో. రోజుకి రెండుసార్లు గుమ్మం తొక్కుతాడు, నీకూ బెంగ తీరుతుంది."

"మీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వులాట కాదయ్యా. ఉత్తరం రాశావు కదా. ఇంక నువ్వు నడిస్తే అది తొందరగా వస్తుందా? కూర్చో."

ఆయన సలహా మీదే ఇంటికి టెలిగ్రాం కూడా ఇచ్చాను. అది అవనిగడ్డ దాకా తీగ మీద వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ మామూలు టపాలో కలుస్తుందని నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. శనివారం గడిచింది, ఆదివారం గడిచింది. సోమవారం మధ్యాహ్నం పోస్టు చూసి, పలక మీద నా పేరు లేదని తేలాక, పైకి వెళ్ళి సంచీ సర్దడం మొదలెట్టాను. కార్డు బందరు పోస్టాఫీసులో పడి ఉండొచ్చు. లేకపోతే మా ఇంట్లో అమ్మ రేకుపెట్టెలో. ఏదైనా సరే, నేనే వెళ్ళి పట్టుకోవాలి.

"వెళ్ళకు బావా," అన్నాడు గుడివాడ ఆయన. "నువ్వు అటు వెళ్తావు, అది ఇటు వస్తుంది."

"వస్తే జాగ్రత్తగా పెట్టండి. గురువారానికల్లా వచ్చేస్తాను."

సాయంత్రం మెయిలు పట్టుకున్నాను. గూడూరు దాటాక డైరీ కోసం సంచీలో చెయ్యి పెడితే డైరీ లేదు. దిండు కింద మరిచిపోయాను. అలా ఎప్పుడూ జరగలేదు, ఆ తర్వాత కూడా జరగలేదు.

మంగళవారం మధ్యాహ్నానికి బందరు చేరాను. పోస్టాఫీసులో ఒక పెద్దాయన ఓపిగ్గా అడిగాడు, వెతికాడు. "లంకల టపా ఎప్పుడో వెళ్ళిపోయిందండీ. ఈపాటికి మీ ఇంట్లోనే ఉంటుంది," అన్నాడు. దొరకనందుకు బాధపడాల్సింది, సంతోషించాను. బస్సులో అవనిగడ్డ చేరి, తెలిసినవాళ్ళ అరుగు మీద పడుకుని, తెల్లవారగానే నాగాయలంక వెళ్ళి మొదటి పడవ ఎక్కాను. బుధవారం ఎండ ఎక్కేవేళకి మా రేవులో దిగాను.

అమ్మ గట్టు మీద చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేచింది. లేచి నా వెనక్కి చూసింది.

"మీ నాన్నేడిరా?"

"నాన్నేంటి?"

"నీ దగ్గరికే వెళ్ళాడు కదరా! నువ్వెక్కణ్ణించి వస్తున్నావు?"

కార్డు శనివారం వచ్చిందట. మా బడి పంతులుగారు ఊళ్ళో లేరు. ఆదివారం సాయంత్రం ఆయన వచ్చి చదివి, గురువారం పదిగంటలకి ఇంటర్వ్యూ అని చెప్పారట. మళ్ళీ పోస్టులో వేస్తే అందదు అన్నారట. నా హాస్టలు చిరునామా నేను మొదట్లో రాసిన ఉత్తరంలో ఉంది. పంతులుగారు దాన్ని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. నాన్న సోమవారం చీకటితోనే పడవేసుకుని కృష్ణ దాటి, రేపల్లెలో రైలెక్కి, తెనాలి మీదుగా మద్రాసు వెళ్ళాడు. అంతకు ముందు ఆయన బందరు దాటి ఎక్కడికీ వెళ్ళి ఎరగడు. నేను బెజవాడ, గుడివాడ, బందరు అని లెక్కలు వేసుకున్నన్నాళ్ళూ రేపల్లె దారి నాకు తట్టనే లేదు. నా దారులన్నీ టైంటేబుల్లో ఉన్నవి. నాన్నకి ఏటికి అవతలి ఒడ్డు ఎప్పుడూ దగ్గరే.

"అన్నం తిని వెళ్ళు," అంది అమ్మ.

తినలేదు. వరసకి మావయ్య అయ్యే ఆయన్ని పిలిచి పడవ తీయించాను. రాత్రికి తెనాలిలో మెయిలు అందితే గురువారం పొద్దున్నే మద్రాసులో ఉంటాను. కానీ అప్పటికే నీళ్ళు తీస్తున్నాయి. కయ్యలో సగం దూరం వెళ్ళేసరికి పడవ అడుగు బురదకి తగిలి ఆగిపోయింది. నేను పంచె ఎగగట్టి దిగబోయాను.

"దిగకు అల్లుడూ! ఎక్కడికి దిగుతావు? ఇరుక్కుంటే నిన్ను లాగడానికి నేనూ దిగాలి."

"తోద్దాం మావయ్యా. ఇద్దరం కలిసి తోస్తే కదులుతుంది."

"మీ నాన్న ఇన్నేళ్ళు తోయనిది నువ్వు తోస్తావా? కూర్చో. పోటు మూడింటికి."

పోటు మూడింటికి కాదు, నాలుగు దాటాక వచ్చింది. అప్పటిదాకా ఆ పడవలో నేను ఒక కొస నుంచి ఇంకో కొసకి ఎన్నిసార్లు నడిచానో. మావయ్య తలకి తువ్వాలు చుట్టుకుని పడుకున్నాడు. "నువ్వు నడుస్తుంటే ఉయ్యాల్లో ఉన్నట్టుందిరా," అన్నాడు కళ్ళు మూసుకునే. రేపల్లె చేరేసరికి తెనాలి బండి వెళ్ళిపోయింది. గురువారం పదిగంటలప్పుడు నేను తెనాలి స్టేషన్లో బెంచీ మీద ఉన్నాను. గడియారం నాకెదురుగానే ఉంది.

శుక్రవారం పొద్దున హాస్టలు మెట్లు ఎక్కాను. నాన్న తొమ్మిదో నంబరు మంచం పక్కన నేల మీద కూర్చుని, ఒళ్ళో దోమతెర పెట్టుకుని చిరుగులు అల్లుతున్నాడు. హాల్లో అటు వరసలో తెరలన్నీ బాగుచేసి కట్టి ఉన్నాయి.

"వచ్చావా," అన్నాడు తల ఎత్తి. "తిన్నావా ఏమైనా?"

గుడివాడ ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "బావా, మీ నాన్న అల్లాక ఈ తెరల్లో దోమే కాదు, జారిపోయే మట్టగిడస చేప కూడా దూరదు. మేనేజరుగారు నిన్ను పంపించేసి ఆయన్ని ఉంచుకుంటానంటున్నారు."

నాకు నవ్వు రాలేదు. "ఇంటర్వ్యూ ఏమైంది నాన్నా?" అని అడిగాను.

నాన్న ముడి బిగించి, దారం పళ్ళతో తెంపాడు. "అంతా నీ పుస్తకంలో రాయించాను. చూసుకో," అన్నాడు.

మళ్ళీ ఆ ఆఫీసు వైపు నేను వెళ్ళలేదు. మరుసటి ఏడు బందరులో కాలవల ఆఫీసులో, ఇంతకంటే చిన్న ఉద్యోగంలో చేరి అక్కడే రిటైరయ్యాను. ఇన్నేళ్ళ డైరీలు బీరువాలో వరసగా ఉన్నాయి. అన్నిటిలోనూ నా చేతిరాత కాని పేజీలు ఆ మూడే. రాసింది గుడివాడ ఆయన, ప్రూఫులు దిద్దేవాడు కాబట్టి గుండ్రటి అక్షరాలు. చెప్పింది నాన్న.

మంగళవారం. పొద్దున్నే వచ్చాను. నువ్వు లేవు. ఊరికెళ్ళావని ఈ అబ్బాయి చెప్పాడు. దిండు కింద నీ పుస్తకం ఉంది. రోజూ రాసేవాడివి, ఖాళీ ఉంటే నీకు బాగోదని రాయమన్నాను. ఎండు రొయ్యలు తెచ్చాను. మేనేజరుగారికి ఇచ్చాను. మంచం వేరేవాళ్ళకి ఇవ్వనన్నారు. నేను కింద పడుకుంటాను. మంచం నీది.

బుధవారం. ఆఫీసు ఎక్కడో చూసి వచ్చాను. రేపు వెతుక్కోకుండా. సముద్రం దగ్గర ఒకాయన వల ఆరబెట్టుకుంటున్నాడు. ఆయనకి తెలుగు రాదు, నాకు అరవం రాదు. చాలాసేపు కూర్చున్నాం. వాళ్ళ వల కన్ను మనదానికన్నా చిన్నది. నువ్వు రాత్రికి బయల్దేరి ఉంటావు.

గురువారం. ఎనిమిదింటికే వెళ్ళాను. కార్డు చూపిస్తే గేటు దగ్గర లోపలికి పంపారు. బల్ల మీద కూర్చోమన్నారు. చాలామంది కుర్రాళ్ళు. నీ పేరు పిలిచారు. నేను లేచి నిలబడ్డాను. వాడు దారిలో ఉన్నాడండీ, వస్తాడు అన్నాను. సరే, చివర పిలుస్తాం అన్నారు. కూర్చున్నాను. అందరూ అయిపోయారు. చివర మళ్ళీ నీ పేరు పిలిచారు. మళ్ళీ లేచి నిలబడ్డాను.