నీళ్ళు మింగిన ఎరుపు

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే మాస్టారి అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాన్నగారు పొద్దున్నే పోయారు" అని పెట్టేసింది. కాలవగట్టు మీద అలాగే నిలబడిపోయాను.

రామచంద్రపురంలో ఆయనది చిన్న వీడియో స్టూడియో. తొమ్మిదేళ్ళు అక్కడ ఎడిటింగ్ చేశాను. నాకీ పని నేర్పింది ఆయనే. ఏ పెళ్ళికెళ్ళినా ముందు తెల్ల జేబురుమాలు తీసి కెమెరాకి చూపించేవారు. "తెలుపేదో మనమే చెప్పాలమ్మా, దానికి తెలీదు" అనేవారు. పనిలో పడితే టీ సంగతి మరిచిపోయేవారు. చల్లారిన టీనే తాగి, బాగుందనేవారు.

ఒక ఎండాకాలం పట్టిసీమ వైపు నుంచి ఒకావిడ వచ్చింది. అంతకుముందు వరదలో ఆవిడ భర్త పడవతో సహా కనిపించకుండా పోయాడు. ఎక్కడికో పనికి వెళ్ళిపోయాడని అత్తవారు అనేవారట. నీళ్ళు తేరుకున్నాక జాలర్లకి అడుగున ఇసకలో ఒక పడవ కనిపించింది. నీళ్ళలో పనిచేసే కెమెరాతో వాళ్ళు తీసిన వీడియో ఆవిడ మా దగ్గరికి తెచ్చింది.

"మా పడవకి ఎర్రపట్టీ ఉంటుందండి. నేనే వేశాను" అంది.

వీడియోలో అంతా ఆకుపచ్చే. పట్టీ నల్లగా ఉంది. నేను కంప్యూటర్లో ఎరుపు పెంచాను. పట్టీ ఎర్రబడింది. దాంతోపాటు ఇసకా, నాచూ ఎర్రబడ్డాయి.

మాస్టారు నా చెయ్యి ఆపారు. "అది నువ్వేసిన రంగమ్మా. ఆవిడ వేసింది కాదు."

లోతుకు వెళ్ళేకొద్దీ నీళ్ళు ముందు ఎరుపునే మింగేస్తాయని ఆవిడకి నెమ్మదిగా చెప్పారు. మర్నాడు తెల్లటి ప్లాస్టిక్ పళ్ళెం, నీళ్ళలో వెలిగే లైటు పట్టుకుని ఆయనే వెళ్ళారు. పడవెక్కితే కళ్ళు తిరిగే మనిషి, పొద్దుటినుంచీ గోదావరి మీదే కూర్చున్నారు. "ముందు పళ్ళెం చూపించండి. తర్వాత లైటు పట్టీకి దగ్గరగా పెట్టండి" అని నీళ్ళలోకి దిగే జాలర్లకి పదేపదే చెప్పారు.

ఈసారి పళ్ళెం తెల్లగా కనపడేలా వైట్ బ్యాలెన్స్ సరిచేశాం. ఇసక ఇసకలాగే వచ్చింది. పట్టీ ఎర్రగా తేలింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీలమో, పసుపో అయితే బాగుండుననుకున్నానమ్మా" అన్నారు. రంగు మాత్రం ముట్టుకోలేదు. నా పనిలో నిజాయితీ అంటూ ఏమైనా ఉంటే, అది ఆ పూట ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆవిడ వచ్చి చూసింది.

"మాదేనండి. ఇంకో పూత వేద్దామన్నారు మా ఆయన. చాల్లెండి అన్నాను నేనే."

మాస్టారు తన కుర్చీ ఆవిడకిచ్చి, పక్కన నిలబడ్డారు.

"ఆ వీడియో ఇంకొక్కసారి వేస్తారా బాబుగారూ?"

వేశారు. అయిపోగానే మళ్ళీ వేశారు. బయట గిరాకీ వచ్చి పిలుస్తున్నా కదల్లేదు. తెరమీద చిన్న చేప ఒకటి ఆ ఎర్రపట్టీ వెంటే మెల్లగా పోతోంది. ఆవిడ వేలు తెరకి ఆనకుండా దాని వెనకాలే వెళ్తోంది.