పెన్‌డ్రైవులో తిట్లు

బెంబా తెగవాళ్ళకీ ఎన్గోనీ తెగవాళ్ళకీ మధ్య ఉన్నది బావామరదళ్ళ వరస. తాతలనాడు కత్తులు దూసుకున్నారు, ఇప్పుడు నోళ్ళతో సరిపెట్టుకుంటున్నారు. ఎంత మాటైనా అనవచ్చు, పడ్డవాళ్ళకు కోపం రాకూడదు. వచ్చిందా, ఓడిపోయినట్టే. చావింట్లో అయితే మరీను. ఎన్గోనీ పోతే బెంబా వెళ్ళి, పోయినవాడి నడక నడిచి చూపించి, వాడి పిసినారితనం ఏకరువు పెట్టి, ఏడ్చేవాళ్ళను నవ్వించి రావాలి. వెళ్ళకపోతే శవాన్ని అవమానించినట్టు.

లువాన్ష్యా ఊళ్ళో ముతాలే కబాసో అనే బెంబా టీచరమ్మకు ఈ విద్య ఉగ్గుపాలతో అబ్బింది. బళ్ళో భూగోళం చెప్పేది. పక్క గదిలో చరిత్ర చెప్పే జెరే మాస్టారు ఎన్గోనీ. బెంబావాళ్ళు కోతుల్ని తింటారని ఆయన ఆవిడ కుర్చీకి అరటిపండు వేలాడదీసేవాడు, ఎరగా పనికొస్తుందని. ఎన్గోనీలు ఎలుకల్ని తింటారని ఆవిడ ఆయన సొరుగులో బోను పెట్టేది. ఒకసారి అందులో ఆయన వేలు పడింది. అయినా మాస్టారు నవ్వాడు, పళ్ళు బిగించుకుని.

పదవీవిరమణ చేసి జెరే చిపాటా వెళ్ళిపోయాక పోరు మెయిళ్ళలోకి మారింది. ఆదివారం చర్చి నుంచి రాగానే ముతాలే కంప్యూటర్ ముందు కూర్చునేది. "కోతి కూర ఉడికిందా మరదలా?" అని ఆయన. "కలుగులోంచి బయటికొచ్చావా బావా?" అని ఈవిడ. వారంలో ఆవిడ మనసారా నవ్వేది ఆ ఒక్క పూటే.

కొన్నాళ్ళకు కంప్యూటర్ ఆయాసపడసాగింది. బజారులో రిపేర్లు చేసే ముసోండా వచ్చి చూశాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గర గోడకుర్చీ వేసినవాడే.

"అమ్మా, లోపలున్నదంతా చెరిపేసి మళ్ళీ ఎక్కించాలండీ. నెట్ ఖరీదని మెయిళ్ళన్నీ ఇందులోకి దించేసుకున్నారు కదా, బయటెక్కడా ఒక్కటీ లేదు. ముందు కాపీ తీసుకోండి. నన్ను తియ్యమంటారా?"

"నీకు ఖండాలెన్నో నేర్పింది నేను. నువ్వా నాకు చెప్పేది? పో!"

కరెంటు కోత ముగిసి దీపం వెలగగానే ఆవిడ పనిలోకి దిగింది. తెర మీద మెయిళ్ళకు గుర్తుగా కవరు బొమ్మ ఉంటుంది. దాన్ని పట్టి లాగి పెన్‌డ్రైవులో పడేసింది. రెప్పపాటులో ఎక్కేసింది.

"ఇన్నేళ్ళ తిట్లు ఇంత తేలిగ్గానా!" అని ఆశ్చర్యపోయి, వెంటనే సమాధానం కూడా తనే చెప్పుకుంది. "ఎన్గోనీ మాటలకు బరువెక్కడ ఏడ్చింది!"

ముసోండా కంప్యూటర్ పట్టుకెళ్ళి శుభ్రంగా చెరిపేశాడు. అది తిరిగి ఇంటికి రాకముందే చిపాటా నుంచి కబురొచ్చింది. జెరే మాస్టారు పోయాడు.

ముతాలే ఏడవలేదు. ఏడిస్తే బెంబా పరువు ఏం కాను? పెన్‌డ్రైవును నడుముకు చుట్టుకున్న చితెంగే గుడ్డ కొంగున ముడేసుకుని బస్సెక్కింది. ఆయన తనకు రాసినవన్నీ అందరి ముందూ చదివి, చావింటిని నవ్వుల పాలు చేసి మరీ రావాలి. ఆ పాటి సాగనంపుడు కూడా చెయ్యలేకపోతే ఇంక తను ఏం మరదలు?

చిపాటాలో ఇంట్లో సామానంతా తీసేసి ఆడవాళ్ళు నేలమీద కూర్చుని ఉన్నారు. ముతాలే గుమ్మంలోంచే అందుకుంది.

"ఎలుకల్లారా, పండగ చేసుకోండే! మీ యముడు పోయాడు!"

ఏడుస్తున్నవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. జెరే భార్య న్యాసకాలా కూడా నవ్వింది.

"వచ్చావా చెల్లీ, ఇంకా రాలేదేమా అనుకుంటున్నా."

"ఈయనగారి కంప్యూటరేదక్కా? నన్నన్న మాటలన్నీ మూటగట్టుకొచ్చా. బండారం బయటపెట్టొద్దూ!"

పక్క గదిలోకి నెట్టిన కంప్యూటర్ దగ్గర అందరూ మూగారు. ముతాలే పెన్‌డ్రైవు పెట్టి కవరు బొమ్మ మీద నొక్కింది. మెయిళ్ళు బారులు తీరాయి. గొంతు సవరించుకుని పైదాన్ని చదివింది.

"కలుగులోంచి బయటికొచ్చావా బావా..."

ఆగింది. ఇది తను రాసింది. కిందిదీ తనదే. దాని కిందిదీ.

"ఏమైంది చెల్లీ?"

"తాళంచెవి పట్టుకొచ్చి ఇల్లు తెచ్చాననుకున్నానక్కా. ఇది ఆయన ఇల్లు. నాది చెరిపేశారు."

ఆవిడ తెచ్చిన బొమ్మ తలుపు తీసేది మాత్రమే. ఈ కంప్యూటర్లో అది తలుపు తీసింది జెరే మెయిళ్ళకు. ఆవిడ రాసిన ఒక్క తిట్టునూ ఆయన పారేయలేదు. ఏడాదికొక అర చేసి సర్ది పెట్టుకున్నాడు. పంపినవాటి కింద ఆయన తిట్లూ ఉన్నాయి. ముతాలే వాటిని వరసగా చదివింది. ఇల్లంతా పగలబడి నవ్వింది, ఆవిణ్ణి చూసి.

చివరికి, ఆయన పంపకుండా ఉండిపోయిన మెయిలొకటి కనిపించింది.

"కోతుల మరదలా, ఈసారి నువ్వొచ్చేసరికి నేను లేచి బదులు చెప్పలేను. అంతమాత్రాన గెలిచాననుకోకు. ఎందుకంటే నువ్వు"

అంతే. తర్వాత ఏమీ లేదు.

"ఆస్పత్రికి బయల్దేరుతూ ఇది రాయడానికి కూర్చున్నాడు. ఇంతలో కారొచ్చేసింది," అంది న్యాసకాలా.

ముతాలే నోరు తెరిచింది. తిట్టుకు బదులు ఏడుపొచ్చింది. పిల్లలకు భూగోళం వినిపించిన ఆ గొంతుతోనే బావురుమంది. ఆ బావ అంటే తనకెంత ఇష్టమో ఆవిడకు ఇప్పుడే తెలిసింది. గదిలో ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి ముక్కు చీదుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన ఆపిన చోటినుంచి ఒక్కొక్క అక్షరమే నొక్కింది.

"నలుగురి ముందూ భోరుమని ఏడ్చావు. నేనే గెలిచాను."

కింద జెరే పేరు పెట్టి, తనకే పంపుకుంది.